అప్పు బెంగ మెదడులో ఏం చేస్తుంది?

(రైతు సంఘం మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులకు మద్దతు ధర గురించి, విత్తన చట్టం గురించి, కౌలు చట్టం గురించి చెప్పేవాళ్లు వస్తుంటారు. మెదడు గురించి చెప్పమని నన్నెందుకు పిలిచారని మీ నాయకత్వాన్ని అడిగాను. వాళ్లు చెప్పిందిది: మా కార్యకర్తలు ఆత్మహత్య జరిగిన ఇంటికి వెళ్తారు, పరిహారం కాగితాలు రాస్తారు, ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అది జరగకముందు ఆ మనిషిలోపల ఏం నడుస్తుందో తెలిస్తే ఇంకా ముందే ఆ గడప తొక్కుతారు కదా అని. ఆ మాట మీదే వచ్చాను.

లెక్కలు మీకు కొత్త కాదు, అయినా ఒకసారి చెప్పుకుందాం. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. తెలంగాణలో నూటికి 91కి పైనే. కుటుంబానికి సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు, తెలంగాణలో 1,52,113 రూపాయలు. దేశ సగటు 74,121 మాత్రమే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో 5,207 మంది సాగుదారులు, 6,083 మంది కూలీలు. కౌలు కార్డు లేని మనిషిని పోలీసు కాగితంలో రైతుగా రాయించడానికి ఎంత పోరాడాలో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఈ లెక్కలు ముందు పెడితే కొందరు అధికారులు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. నూటికి 93 మంది అప్పుల్లో ఉంటే అందరూ చనిపోవడం లేదు కదా, చనిపోయినవాడిలోనే ఏదో బలహీనత ఉండి ఉంటుంది అని. తాగుడనో, పిరికితనమనో, ఇంట్లో గొడవలనో రాసేస్తారు. ఆ మాటకు జవాబు కావాలంటే మెదడులోకి వెళ్లాలి.

దిగులు, బెంగ, గాబరా, బెదురు అని మనం చెప్పుకునే వాటి వెనక ఒక రసాయనం ఉంది. పేరు కార్టిసాల్. మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. చేలో పాము కనిపించిందనుకోండి, మెదడు అడుగున ఉన్న హైపోథలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడినుంచి అడ్రినల్ గ్రంథికి కబురు వెళ్తుంది. ఇరవై ముప్పై నిమిషాల్లో నెత్తురులో కార్టిసాల్ తారస్థాయికి చేరుతుంది. ఒంట్లో దాచుకున్న చక్కెరను బయటికి తీస్తుంది, మనిషిని సిద్ధంగా ఉంచుతుంది. పాము పోయిందంటే గంటా రెండు గంటల్లో అది తగ్గిపోతుంది. ఇది మేలు చేసే ఏర్పాటే. ఇది లేని మనిషి చిన్న జ్వరానికి కూడా తట్టుకోలేడు.

ఇలాంటి ఒత్తిడికి శరీరం మొత్తం ఒకే తీరుగా స్పందిస్తుందని కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెలీ అనే శాస్త్రవేత్త 1936లో రాశాడు. అప్పట్లో అందరూ దాన్ని ఒంటి సంగతి అనుకున్నారు. 1968లో న్యూయార్క్‌లో బ్రూస్ మెక్‌యువెన్ ఎలుకల మీద ఒక ప్రయోగం చేశాడు. ఈ హార్మోనుకు జాడ తెలిసేలా గుర్తు పెట్టి ఎలుకలకు ఎక్కించి, మెదడులో ఎక్కడ నిలుస్తుందో వెతికాడు. అది పోయి హిప్పోక్యాంపస్‌లో పట్టుకుని కూర్చుంది. హిప్పోక్యాంపస్ అంటే జ్ఞాపకాలను కూర్చే చోటు. అంటే ఒత్తిడి ఒంటితో ఆగదు. మనం దేన్ని గుర్తుంచుకుంటాం, దేన్ని చూసి భయపడతాం అనే చోటికి నేరుగా వెళ్లి తలుపు తడుతుంది.

అది అక్కడ నిలవాలంటే పట్టుకునేదొకటి ఉండాలి. దాన్నే గ్రాహకం అంటాం, రిసెప్టార్ అని కూడా అంటారు. ఇవి రెండు రకాలని 1985లో నెదర్లాండ్స్‌లో రూల్, డి క్లోయెట్ అనే ఇద్దరు తేల్చారు. వాటి పేర్లు నోరు తిరగనివి, మీకవి అక్కర్లేదు. మన చెరువును తలుచుకోండి చాలు. చెరువుకు కింద ఒక తూము, పైన ఒక తూము ఉన్నాయి. నీరు కొంచెమే ఉన్నా కింది తూము పారుతుంది. మట్టం బాగా పెరిగితేనే పై తూముకు అందుతుంది. మెదడులో మొదటి రకం గ్రాహకం కింది తూము లాంటిది. రెండో దానికన్నా సుమారు పది రెట్లు గట్టిగా కార్టిసాల్‌ను పట్టుకుంటుంది, అందుకని మామూలు రోజున కూడా అది నిండే ఉంటుంది. ఎదురొచ్చింది పామా తాడా అని తేల్చుకోవడంలో దాని చెయ్యి ఉంది. రెండో రకం పై తూము. ఒత్తిడి వచ్చి మట్టం పెరిగినప్పుడు, ఇంకా తెల్లవారుజామున సహజంగా పెరిగినప్పుడు మాత్రమే నిండుతుంది.

పై తూముకు నీళ్లు అందాయంటే ఏం చేస్తాం? కాలువ లాకులు దించమని కబురు పెడతాం. కృష్ణా కాలువల కింద లస్కరు ఆ పని చేస్తాడు, తెలంగాణ చెరువుల కింద నీరటి చేసేవాడు. మెదడులో ఆ లస్కరు పని రెండో గ్రాహకానిదే. చాలు, ఇక కార్టిసాల్ ఆపండి అని పైకి కబురు పంపేది అదే. పాము పోయాక కార్టిసాల్ మట్టం దిగడానికి కారణం ఆ కబురే.

అప్పు పాము లాంటిది కాదు. పాము పోతుంది, అప్పు పోదు. వడ్డీ వ్యాపారి ఇవాళ రాకపోతే రేపు వస్తాడు. మబ్బు పట్టి తేలిపోతుంది, కాయ తొలిచే పురుగు కనిపిస్తుంది, మార్కెట్లో ధర పడిపోతుంది, ఫైనాన్సు కుర్రాడు వాకిట్లో బండి ఆపుతాడు. మట్టం దిగదు. అలా వారాల తరబడి నిండుగా ఉంటే ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఈ రెండో గ్రాహకాల సంఖ్యే తగ్గిపోయిందని 1980లలోనే చూశారు. లస్కర్లు తగ్గిపోయారు, కబురు వెళ్లదు, లాకులు దిగవు. మనుషుల్లోనూ దీని జాడ ఉంది. డెక్సామెథసోన్ అనే మాత్ర రాత్రి వేస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో మర్నాడు కార్టిసాల్ బాగా తగ్గాలి. తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవాళ్లలో చాలామందికి తగ్గదు. ఆపమన్న మాట అక్కడ వినబడటం లేదన్నమాట.

డెక్సామెథసోన్ అనగానే కొందరు తల ఊపారు. అవును, ఊళ్లో ఒళ్లు నొప్పులకు సూది వేసే ‘డెక్సా’ అదే. పశువులకూ వేస్తారు. అది ఈ హార్మోనుకు మనుషులు చేసిన నకలు, నేరుగా రెండో గ్రాహకం మీద కూర్చుంటుంది. అందుకే వేయగానే హుషారు వస్తుంది. నెలల తరబడి వాడితే నిద్ర పోతుంది, చిరాకు, దిగులు మొదలవుతాయి, షుగరు పెరుగుతుంది. వాడి వాడి ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే సొంత గ్రంథి అప్పటికే నిద్రపోయి ఉంటుంది. ఆస్తమాకో కీళ్ల జబ్బుకో డాక్టరు లెక్కగా రాసిస్తే అది వేరు. ఒళ్లు నొప్పులకని ప్రతి పది రోజులకూ వేయించుకుంటున్నవాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లతో మాట్లాడండి.

ఇంతవరకు రెండో గ్రాహకం మంచిదేనని చెప్పాను. అసలు చిక్కు ఇక్కడుంది. 1999లో జర్మనీలో గుంటర్ షుట్జ్ బృందం మెదడు కణాల్లో ఈ గ్రాహకమే లేని ఎలుకలను తయారుచేసింది. ఆపే చెయ్యే లేదు కాబట్టి అవి విపరీతంగా భయపడాలి కదా? భయం తగ్గింది. వెలుతురున్న చోటికి, గోడల్లేని చోటికి మామూలు ఎలుకల కన్నా ధైర్యంగా వెళ్లాయి. అంటే ఈ గ్రాహకం లాకులు దించమని చెప్పడంతో ఊరుకోదు. మెదడులో మిగతా చోట్ల అది భయాన్ని చెక్కి పెట్టే ఉలి కూడా. ఇది కణంలోపల జన్యువుల దాకా వెళ్లి పనిచేస్తుంది, గంటల తర్వాత కూడా ఆ పని నిలిచి ఉంటుంది. అందుకే వాకిట్లో నలుగురి ముందు అవమానించిన మాట ఏళ్లు గడిచినా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది, నిన్న పాసుపుస్తకం ఎక్కడ పెట్టామో గుర్తుకు రాదు.

దీనికి మన దేశంలోనే గట్టి సాక్ష్యం ఉంది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచింది. తర్వాత నరాల కణాలను చూస్తే హిప్పోక్యాంపస్‌లో కొమ్మలు కురచబడ్డాయి. భయానికి కేంద్రమైన అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఇది 2002లో అచ్చయింది. ఆ తర్వాత ఎలుకలకు ఏ ఒత్తిడీ లేకుండా 21 రోజులు విశ్రాంతి ఇచ్చారు. హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలా కోలుకోలేదు. కొమ్మలు అలాగే ఉన్నాయి, భయమూ అలాగే ఉంది.

మీరు ఇళ్లకు వెళ్లినప్పుడు వినే మాట ఒకటుంది. ‘బాకీ తీరిపోయిందిగా, రుణమాఫీ కూడా వచ్చిందిగా, ఇంకా ఎందుకు బెదిరిపోతాడు, ఫోన్ మోగితే ఎందుకు వణుకుతాడు’ అని ఇంటావిడ అడుగుతుంది. నాటకం ఆడుతున్నాడని అన్నదమ్ములు అంటారు. ఎలుక మెదడు మనిషి మెదడు కాదు, నిజమే. కానీ భారం దిగిన రోజునే భయం దిగదని మాత్రం నా దగ్గరికి వచ్చేవాళ్లలో రోజూ చూస్తున్నాను. ఆ మనిషికి ఇంకా కొన్ని నెలలు తోడు కావాలి. పరిహారమో మాఫీయో అందగానే మన పని అయిపోయిందనుకుని ఆ ఇంటి దారి మరచిపోకూడదు.

ఎలుకల సంగతి చాలు, రైతుల దగ్గరికి వద్దాం. కెన్యాలో పేద రైతుల ఉమ్మి తీసి కార్టిసాల్ కొలిచారు. వాన తక్కువ పడిన చోట అది ఎక్కువుంది. సేద్యం తప్ప మరో ఆదాయం లేనివాళ్లలో తేడా ఇంకా ఎక్కువ. వర్షాభావం మనిషి ఉమ్మిలో కనబడిందంటే మరి అధికారులు ఏ సాక్ష్యం అడుగుతారో చూడాలి. ఇక తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత డబ్బు చేతికొచ్చాక ఒకసారి బుద్ధికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. 2013లో అచ్చయింది. అదే మనిషి కోతకు ముందు తక్కువ మార్కులు, కోత తర్వాత ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. దీనికంతటికీ ఒత్తిడి హార్మోనే కారణమని ఆ పరిశోధకులు అనలేదు. డబ్బు ఆలోచన బుర్రలో చోటంతా ఆక్రమిస్తుందని అన్నారు. కారణం ఏదైనా, రైతుకు తెలివి లేదు, అందుకే దండగ పంట వేశాడని అనేవాళ్లకు ఇది చూపించండి. ఆ మనిషి తెలివిని మీరు కోత ముందు చూస్తున్నారా, కోత తర్వాత చూస్తున్నారా అని అడగండి.

ఒత్తిడి ఎంత బరువుందన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు పడుతుందో తెలుసా లేదా అన్నది పెద్ద సంగతి. 1970 ప్రాంతంలో జే వైస్ అనే శాస్త్రవేత్త రెండు ఎలుకలకు ఒకే సమయంలో, ఒకే మోతాదులో కరెంటు షాకు ఇచ్చాడు. ఒకదానికి ముందు ఒక చప్పుడు వినిపించేవాడు, రెండోదానికి లేదు. షాకు సమానమే అయినా, ముందే తెలిసిన ఎలుక కడుపులో పుండ్లు చాలా తక్కువ. నాకిది చదివినప్పుడల్లా మిర్చి యార్డు గుర్తుకొస్తుంది. పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర. విత్తేనాడే ధర ఖాయంగా తెలిసి, ఆ ధరకు కొనే నాథుడు ఉంటే, ఆ రైతుకు వచ్చే ఆదాయం అంతే అయినా మెదడు మీద పడే దెబ్బ వేరు. చట్టబద్ధమైన మద్దతు ధర అడగడానికి మీకు వేరే కారణాలు వంద ఉన్నాయి. వైద్యుడిగా నా వైపు నుంచి ఇది నూట ఒకటోది.

అప్పుల మీద ఇంకో పరిశోధన ఉంది, దీన్ని కార్యకర్తలు జాగ్రత్తగా వినాలి. సింగపూర్‌లో తక్కువ ఆదాయం ఉండి ఏళ్లుగా బాకీల్లో మునిగిన 196 మందికి ఒక స్వచ్ఛంద సంస్థ అప్పులు తీర్చింది. ముందూ తర్వాతా వాళ్ల ఆందోళనను, ఆలోచనా శక్తిని కొలిచారు, 2019లో ప్రచురించారు. తీర్చిన మొత్తం సమానంగా ఉన్నవాళ్లలో కూడా, ఎక్కువ ఖాతాలు మూసేసినవాళ్లకు ఎక్కువ నెమ్మది దొరికింది. అంటే మొత్తం ఎంత అన్నదానితోపాటు ఎంతమందికి బాకీ అన్నది కూడా మెదడును తింటుంది. మన కౌలు రైతుకు ఎరువుల కొట్టు బాకీ, వడ్డీ వ్యాపారి నోటు, బంగారం మీద అప్పు, డ్వాక్రా వాయిదా, మైక్రోఫైనాన్సు వాయిదా, బావమరిది చేబదులు ఉంటాయి. ఆరుగురు ఆరు వైపుల నుంచి. మీరు చేయగలిగిన పని ఏమిటంటే, ఆ మనిషి పక్కన కూర్చుని ఒక కాగితం మీద అవన్నీ రాయించండి. చాలామంది భార్యకు కూడా మొత్తం చెప్పి ఉండరు. చిన్నవి ఏవి ముందు మూసేయవచ్చో చూడండి. వడ్డీ వ్యాపారి దగ్గరికి ఆ మనిషిని ఒంటరిగా పంపకండి, సంఘం తరఫున నలుగురు కలిసి వెళ్లి గడువు మాట్లాడండి. కేరళలో రైతుల రుణ ఉపశమన కమిషన్‌కు 2006లోనే చట్టం చేసుకున్నారు, అక్కడ ఇది ప్రభుత్వమే చేయాల్సిన పని అయింది.

తెల్లవారుజాము సంగతి విడిగా చెప్పాలి. కార్టిసాల్ అర్ధరాత్రి దాటాక మెల్లగా పెరగడం మొదలై, నిద్ర లేచిన అరగంట ముప్పావుగంటకు బాగా పెరుగుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే. ఆపే కబురు సరిగా వెళ్లని మనిషికి మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి, కొండంత అప్పు ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఎనిమిది తొమ్మిదయ్యేసరికి కొంత తేలిక పడుతుంది. ఆ మనిషికి చెప్పండి: ఆ గంటలో మెదడు చెప్పేది నమ్మవద్దు, ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, పక్కవాళ్లను లేపి మాట్లాడమనండి. నిద్రకోసమని రాత్రి తాగడం దీన్ని పెంచుతుంది. ముందు నిద్ర పట్టినట్టే ఉంటుంది, రెండో జాములో మెలకువ తప్పదు. మైక్రోఫైనాన్సు అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన కూడా గుర్తుంచుకోండి. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు, దుర్భాషలాడకూడదు, వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. ఈ కాగితం ప్రింటు తీసి ప్రతి శాఖ దగ్గరా ఉంచండి.

మన భాషలో మందు అనే మాట మూడింటికి వాడతాం: జబ్బుకు, తాగుడికి, పురుగుకు. మూడూ ఒకే ఇంట్లో ఒకే గూట్లో ఉండటం మన దౌర్భాగ్యం. బెదురు ముదిరిన మెదడు ముందువెనకలు చూడదు. ఆ ఉధృతం చాలామందిలో కాసేపే, ఆ కాసేపు దాటితే మనిషి నిలబడతాడు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995 నుంచి విడతలు విడతలుగా నిషేధించారు. ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది, పంట దిగుబడి పడిపోలేదు. అక్కడే ఇళ్లకు తాళం పెట్టెలు పంచి కూడా చూశారు, దానివల్ల తేడా కనబడలేదు. తాళాల బాధ్యత ఇంటిమీద వేసి ఊరుకుంటే సరిపోదు, అమ్మకం దగ్గర ఆపాలి. అది మీ డిమాండ్లలో ఉండాలి. అప్పటిదాకా ఒక మనిషి మీద అనుమానం వస్తే మిగిలిన డబ్బాలు ఆ ఇంట్లో ఉంచకండి, వేరేవాళ్ల దగ్గర పెట్టించండి.

వైద్యం గురించి. కార్టిసాల్ పరీక్ష చేయిస్తే బెంగ తెలుస్తుందని కొన్ని ల్యాబుల్లో డబ్బులు గుంజుతున్నారు, దానితో ఆందోళన జబ్బు తేలదు. ఈ గ్రాహకాల మీద నేరుగా పనిచేసి బెంగ తగ్గించే మందు ఇంకా రాలేదు. ఇప్పుడున్న మందులు వేరే దారిలో పనిచేస్తాయి, రెండు మూడు వారాలు ఆగాలి, అవి అలవాటు పడే మత్తు బిళ్లలు కావు. అలవాటు పడేవి నిద్ర బిళ్లలు, ఆల్‌ప్రాజోలం లాంటివి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

విరామంలో ఒక సోదరి అడిగింది, ‘ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తే కేసవుతుందని భయపడి నాటు వైద్యం చేయిస్తున్నారు, ఏం చేయాలి’ అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చదవండి. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు, సంరక్షణ, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని అందులో ఉంది. పోలీసులు వివరాలు రాసుకోవచ్చు, జైలుకు పంపరు. కాబట్టి ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే 14416, టెలీ మానస్. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, పేరు బయటికి రాదు. తెల్లవారుజామున మూడింటికి కూడా ఎత్తుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.